పింఛనులో పదో వంతు అడగకండి: సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని బిషప్పులకు, సంఘ కాపరులకు, స్వతంత్ర సంఘాల సేవకులకు, పాస్టర్ల ఫెలోషిప్ పెద్దలకు, సంఘ కమిటీ సభ్యులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

నేను పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరి సంఘ సభ్యురాలిని. అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేస్తున్నాను. గౌరవ వేతనం నెలకు 11,500 రూపాయలు. అందులో 1,150 తీసి కవరులో పెట్టాకే మిగతా ఖర్చులు చూసుకుంటాను. నన్నెవరూ అడగక్కర్లేదు, అలా ఇవ్వడం నాకు సంతోషం. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు సంఘానికి ఇవ్వడం, గురించి ప్రశ్న వేసినవాళ్లందరినీ ఇవ్వడం ఇష్టం లేనివాళ్ల కింద కట్టేయడం మన సంఘాల్లో అలవాటైపోయింది.

నిరుడు స్త్రీల సమాజం తరఫున మేం కొందరం మా సంఘ కమిటీకి ఒక విన్నపం రాసిచ్చాం. పింఛను డబ్బుల మీద, అప్పు డబ్బుల మీద దశమభాగం అడగొద్దని, కానుకల లెక్క ఏడాదికోసారైనా సంఘంలో చదివి వినిపించమని కోరాం. జవాబు రాలేదు. ఆ తర్వాత ఆదివారాల్లో మోషే మీద లేచిన కోరహు తిరుగుబాటు మీద, పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచి అబద్ధమాడి చనిపోయిన అననీయ సప్పీరల మీద ప్రసంగాలు మాత్రం వచ్చాయి. పై పెద్దలకు పంపిన ఉత్తరానికీ అదే గతి పట్టింది. ఇది మా ఒక్క సంఘం గొడవే అయితే ఇంటి విషయం ఇంట్లోనే ఉంచుకునేవాళ్లం. కానీ మిర్చి కోతలకు ఊళ్లు తిరిగే ఆడవాళ్లు, ఉజ్జీవ సభల్లో కలిసినవాళ్లు, పెళ్లయి వేరే జిల్లాలకు వెళ్లిన మా పిల్లలు ఇదే మాట చెబుతున్నారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

మా ముందున్న సంగతులు ఇవి.

1. పింఛను

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తోంది. తెలంగాణలో ఆసరా పింఛను 2,016. ఒకటో తారీఖున పింఛను చేతికొస్తుంది, ఆ వారమే ఆదివారం కానుకల సంచి వస్తుంది. నాలుగు వేలలో నాలుగు వందలు పోతే ఒంటరి ముసలామెకు ఆ నెల ఏది తగ్గుతుందో మీలో ఎవరైనా కూర్చుని లెక్క వేశారా? కరెంటు బిల్లు తగ్గదు. గ్యాస్ బండ ధర తగ్గదు. తగ్గేవి కూర, పాలు, షుగర్ మాత్రలు. మాత్రలు రోజు మార్చి రోజు వేసుకునే ముసలివాళ్లను మా వీధిలోనే చూస్తున్నాను. అలా ఎందుకు చేస్తున్నావమ్మా అంటే, దేవుడి సొమ్ము ఆపకూడదు గదా తల్లీ అంటారు. ఆ భక్తికి నేను చేతులు జోడిస్తాను. ఆ భక్తిని ఆసరా చేసుకుని అడిగేవాళ్లను మాత్రం అడ్డుకోవాలనిపిస్తుంది.

2. కూలి

2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రేటు రోజుకు 307 రూపాయలు. నూరు రోజులూ పని దొరికితే ఏడాదికి 30,700. దాని మీద దశమభాగం 3,070, అంటే పది రోజులు ఎండలో మట్టి తవ్విన కూలి. నూరు రోజుల పని నిండా దొరికే ఇళ్లు తక్కువన్నది మీకూ తెలుసు. నెలకు లక్ష జీతం వచ్చే ఇంట్లో పదివేలు ఇచ్చాక తొంభై వేలు మిగులుతాయి. కూలి ఇంట్లో ఆ పదో వంతు తీశాక మిగిలేది బియ్యం బస్తాకూ బడి ఫీజుకూ మధ్య తగువు. పదో వంతు అందరికీ సమానమే గదా అని వేదిక మీద నుంచి చెప్పడం తేలిక. ‘ఇతరులకు తేలికగాను మీకు భారముగాను ఉండవలెనని’ తాను చెప్పడం లేదని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో స్పష్టంగా అన్నాడు.

3. కౌలు రైతు

ఇది మా ప్రాంతపు కష్టం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేసిన కుటుంబాన్ని తీసుకోండి. ఎకరానికి 20 క్వింటాళ్ల చొప్పున 40 క్వింటాళ్లు దిగి, క్వింటాలు 10,000కి పోయిందనుకుందాం. చేతికి నాలుగు లక్షలు వచ్చాయి. కౌలు, నారు, ఎరువులు, పురుగు మందులు, కోత కూలి, గుంటూరు యార్డుకు కిరాయి, కమీషన్, పెట్టుబడికి తెచ్చిన అప్పు మీద వడ్డీ పోగా నలభై వేలు మిగిలాయనుకుందాం. నాలుగు లక్షల మీద పదో వంతు ఎంత? అదే నలభై వేలు. మొత్తం రాబడి మీద దశమభాగం కట్టమంటే ఆ ఇంటికి ఏడాదంతా చేసిన చాకిరీ ఫలితం సున్నా.

ఇది ఊరికే వేసిన లెక్క కాదు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని తినేసిన సంగతి, చాలామంది చేలు దున్నేసిన సంగతి అందరికీ గుర్తే. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడు కూడా ‘యార్డులో ఎంతకు అమ్మావు’ అని అడిగి, దాని మీద లెక్క కట్టిన పెద్దలు ఉన్నారు. పెట్టుబడి ఎంతైందని వాళ్లు అడగలేదు.

4. అప్పు

డ్వాక్రా రుణం రాగానే అందులో పదో వంతు, పంట రుణంలో పదో వంతు, కూతురి పెళ్లికి తెచ్చిన చేబదులులో పదో వంతు కట్టినవాళ్లను నేను ఎరుగుదును. అప్పు ఆదాయం ఎలా అవుతుంది? అది తిరిగి కట్టాల్సిన సొమ్ము, అందులో పదో వంతు కానుకగా ఇస్తే ఆ పదో వంతుకూ వడ్డీ కట్టాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కృతజ్ఞతార్పణ చెల్లించిన కుటుంబం ఇంకా ఆ వడ్డీలోనే ఉంది. ‘మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు’ అన్న రోమా 13:8 ఆ కుటుంబానికి ఎవరూ చదివి వినిపించలేదు.

5. పేర్లు చదవడం

ఎవరెంత ఇచ్చారో ఆరాధనలో చదువుతారు. ఇవ్వనివాళ్ల పేర్ల దగ్గర కాస్త ఆగుతారు. కొన్నిచోట్ల ప్రభువు రొట్టె, ద్రాక్షారసం పంచుకునే బల్ల ఆరాధనకు ముందు బకాయిల ప్రస్తావన వస్తుంది. పెళ్లికి సంఘం నుంచి చీటీ కావాలన్నా, సమాధుల దొడ్డిలో చోటు కావాలన్నా పద్దు పుస్తకం తీస్తారు. శవాన్ని ఇంటి ముందు పెట్టుకుని బకాయి సర్దిన కొడుకును నేను కళ్లారా చూశాను. ఆ కుటుంబం ఆ తర్వాత గుడికి రావడం మానేసింది. వాళ్లు దేవుణ్ణి విడిచిపెట్టలేదు, ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటున్నారు. ఇలా ఊరికి ఎన్ని ఇళ్లు దూరమయ్యాయో మీరు పద్దు పుస్తకంలో కాకుండా వీధిలో నడిచి లెక్కపెట్టండి.

6. వాక్యం

మీరు మాకంటే ఎక్కువ చదివినవాళ్లు. అయినా పదో వంతు మందిరపు కొట్లోకి తెమ్మనే మలాకీ 3:10 విన్నన్నిసార్లు దాని చుట్టూ ఉన్న మాటలు మేం వినలేదు కాబట్టి రాయాల్సి వస్తోంది. అదే అధ్యాయం 5వ వచనంలో కూలివాణ్ణి, విధవరాలిని, తండ్రిలేనివాణ్ణి బాధపెట్టేవారి మీద తానే సాక్షిగా నిలబడతానని దేవుడు అంటాడు. దేవుని యొద్ద దొంగిలుట గురించి చెప్పే 8వ వచనానికి అది మూడు వచనాల ముందే ఉంది.

ధర్మశాస్త్రంలో పదో వంతు దేని మీద? లేవీయకాండము 27లో భూమి పంట, చెట్ల ఫలం, మందలో కర్ర కింద నడిచిపోయే పశువులు. చేను ఉన్నవాడు, మంద ఉన్నవాడు ఇచ్చేది అది. చేను లేనివాడికి ధర్మశాస్త్రం పరిగె ఇచ్చింది. పొలం అంచులు కోయకుండా వదలమని, రాలిన వెన్నులు ఏరుకోవద్దని లేవీయకాండము 19 రైతుకు ఆజ్ఞాపించింది. పేద విధవరాలు రూతు సాయంత్రం దాకా పరిగె ఏరి దుళ్లగొడితే తూమెడు యవలు అయ్యాయి. వాటిని ఊళ్లోకి తీసుకెళ్లి అత్తకు చూపించింది, తాను తిని మిగిల్చింది కూడా అత్తకే పెట్టింది. అందులో పదో వంతు ఎవరో వచ్చి కొలుచుకుపోయినట్టు ఆ గ్రంథంలో లేదు.

ఆ పదో వంతైనా ఎవరికి చేరేది? సంఖ్యాకాండము 18 ప్రకారం దేవుని సేవ చేస్తూ, భూమి స్వాస్థ్యం లేని లేవీయులకు. ద్వితీయోపదేశకాండము 14 ప్రకారం మూడేళ్లకోసారి ఆ భాగమంతా ఊళ్లోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివాళ్లకు, విధవరాండ్రకు తృప్తిగా భోజనం పెట్టాలి. అంటే విధవరాలు దశమభాగం తినే మనిషి. ఆమె పింఛనులోంచి దశమభాగం రాబట్టడానికి ఏ వచనం ఆధారమో మాకు చూపించండి, నేర్చుకుంటాం.

బీదవాడి అర్పణకు వేరే కొలత కూడా దేవుడే పెట్టాడు. గొర్రెపిల్లను తేలేనివాళ్లు రెండు గువ్వలు తేవచ్చన్నాడు, పాపపరిహారార్థ బలి విషయంలో అదీ తేలేకపోతే కాస్త గోధుమపిండి చాలన్నాడు. లూకా 2లో మరియ యోసేపులు దేవాలయంలో అర్పించినవి ఆ పక్షులే. మన ప్రభువు పేదల కొలత ప్రకారం అర్పణ చెల్లించిన ఇంట్లో పెరిగాడు. ఆయన తల్లిని ఎవరూ గుమ్మం దగ్గర ఆపి గొర్రెపిల్ల ఏదని అడగలేదు.

ఇక అననీయ సప్పీరల సంగతి. ఆ కథతో ఎంతోమంది ఆడవాళ్లను భయపెట్టారు. అదే కథలో పేతురు మాట విప్పి చదవండి: ‘అది నీయొద్దనున్నపుడు నీదే గదా? అమ్మిన పిమ్మట అది నీ వశమై యుండలేదా?’ ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్నది వాళ్ల చేతిలోనే ఉందని అపొస్తలుడు ఒప్పుకున్నాడు. వాళ్ల పాపం అబద్ధం. పౌలు కూడా శాతం చెప్పలేదు. ‘సణుగుకొనకయు బలవంతముగా కాకయు ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము’ ఇవ్వమన్నాడు. విధవరాలి రెండు కాసుల కథను కానుకల వేళ తరచూ చదువుతున్నారు. దానికి సరిగ్గా ముందు వచనాల్లో విధవరాండ్ర ఇండ్లు దిగమింగే శాస్త్రుల గురించి యేసు చెప్పిన మాట కూడా కలిపి చదవమని కోరుతున్నాను.

7. మన చరిత్ర

తెలుగు సంఘం ధనవంతుల డబ్బుతో లేచింది కాదు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో లేచింది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. కరువు పని జరిగినన్నాళ్లు కూటి కోసం చేరారన్న మాట రాకుండా బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాతముత్తాతల్ని సంఘంలోకి తెచ్చింది వాళ్ల చేతికి అందిన కూలి, అందిన గౌరవం.

పేదలు ఇవ్వకూడదని నేననను. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు విదేశీ డబ్బు మీద ఆధారపడకుండా పల్లె సంఘాలు తమ కాళ్ల మీద నిలబడాలని బోధించారు. మా అమ్మమ్మల కాలంలో ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవాళ్లు. ఆ పిడికెడు ఎవరి చేతి కొలత వాళ్లది. బియ్యం లేని రోజు కుండలో పడేది కాదు, ఎవరూ బకాయి రాసేవాళ్లు కాదు. ఇవ్వగలిగానన్న తృప్తి ఆ ఇల్లాలికి మిగిలేది.

8. కాపరుల బతుకు

ఇది రాయకపోతే అన్యాయం అవుతుంది. ముప్ఫై నలభై కుటుంబాల పల్లె సంఘంతో, అద్దె ఇంట్లో, పిల్లల ఫీజులకు తడుముకుంటూ సేవ చేసే పాస్టర్లు ఎందరో ఉన్నారు. మా కష్టంలో అర్ధరాత్రి లేచి ఆసుపత్రికి వచ్చేది వాళ్లే. పనివాడు తన జీతమునకు పాత్రుడు, అందులో మాకు రెండో మాట లేదు. పాస్టరమ్మ మందులకు కూడా ముసలామె పింఛను కోసం చూడాల్సి వచ్చిందంటే ఆ తప్పు ఆ ఇద్దరిదీ కాదు. పట్టణాల్లో ఏసీ మందిరాలు, పెద్ద తెరలు, టీవీ కార్యక్రమాలు నడిపే పరిచర్యల నిధుల్లోంచి, డయాసిస్‌ల నిధుల్లోంచి పల్లె కాపరికి నికరమైన జీతం ఎందుకు రాదు? హైదరాబాద్‌లో, అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగు విశ్వాసులకు కూడా ఇదే నా మనవి. మీ పదో వంతు దాటి ఇవ్వగలిగినవాళ్లు పుట్టిన ఊరి సంఘాన్ని గుర్తుపెట్టుకోండి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసి డబ్బు పంపే కడప, కోనసీమ ఆడవాళ్లను మాత్రం ఇంకా పిండకండి.

ఎంత ఇవ్వాలి అని నన్ను అడిగితే, ఇల్లు గడిచి మిగులు ఉన్నవాళ్లకు పదో వంతు మొదటి మెట్టు, అక్కడ ఆగిపోవాల్సిన పని లేదు. ఇల్లు గడవనివాళ్లకు పిడికెడు చాలు. అప్పులో ఉన్నవాళ్లు ముందు అప్పు తీర్చుకోవాలి. తల్లిదండ్రుల మందుల డబ్బు కానుకల సంచిలో వేయడం తగదు. కొర్బాను, అంటే ఇది దేవుడికి అర్పితం అని, పేరు చెప్పి తల్లిదండ్రుల్ని గాలికి వదిలేసినవాళ్లను యేసు మార్కు 7లో గట్టిగా గద్దించాడు.

కాబట్టి ఈ కింది వాటిని అమలు చేయమని అడుగుతున్నాం.

ఒకటి. వృద్ధాప్య, వితంతు, వికలాంగ పింఛన్ల మీద, విద్యార్థుల ఉపకార వేతనాల మీద, ప్రమాద పరిహారాల మీద, ఏ రకమైన అప్పు మీదా దశమభాగం అడగబోమని సంఘంలో బహిరంగంగా ప్రకటించాలి. వాళ్లు తమంతట తాము ఏదైనా ఇస్తే అది వాళ్ల ఇష్టం.

రెండు. రైతు నుంచి, ముఖ్యంగా కౌలు రైతు నుంచి, పెట్టుబడి పోగా మిగిలినదాని మీద తప్ప అడగకూడదు. నష్టం వచ్చిన ఏడు బకాయి రాయకూడదు.

మూడు. ఎవరెంత ఇచ్చారో చదవడం ఆపాలి. రసీదు ఎవరిది వాళ్లకు ఇవ్వాలి.

నాలుగు. బాప్తిస్మానికి, ప్రభు బల్లకు, పెళ్లికి, సమాధికి కానుకల పద్దుతో సంబంధం ఉండకూడదు. ఇందులో ఏ మినహాయింపూ మేం ఒప్పుకోం.

ఐదు. కానుకలు లెక్కపెట్టేటప్పుడు కాపరి కుటుంబానికి చెందని ఇద్దరు ఉండాలి, వాళ్లలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. అదే రోజు లెక్క రాసి సంతకాలు చేయాలి. మూడు నెలలకోసారి జమాఖర్చులు గుడి గోడకు అంటించాలి. ఇది కొత్త పద్ధతేం కాదు. రాజులు రెండో గ్రంథం 12లో యోవాషు కాలంలో పెట్టె మూతకు బెజ్జం చేసి, నిండినప్పుడు రాజు లేఖికుడూ ప్రధాన యాజకుడూ కలిసి లెక్కపెట్టారు. నెహెమ్యా 13లో కొట్ల మీద పెట్టిన కాపలాదారులు నమ్మకమైనవాళ్లని పేరున్నవాళ్లు. తన మీద ఎవరూ తప్పు మోపకుండా పౌలే జాగ్రత్తపడ్డప్పుడు మన కమిటీలకు అభ్యంతరం దేనికి?

ఆరు. వచ్చిన కానుకల్లో మూడో వంతు సంఘంలోని వితంతువులకు, అనాథలకు, జబ్బుపడ్డవాళ్లకు కేటాయించాలి. మందిరానికి పాలరాయి తర్వాత వేసుకోవచ్చు.

ఏడు. కాపరికి నెల జీతం, వృద్ధాప్యంలో ఆధారం, కాపరి చనిపోతే భార్యకు భృతి నిర్ణయించి, ఆ భారం పెద్ద సంఘాలు, డయాసిస్‌లు, ఫెలోషిప్‌లు పంచుకోవాలి.

ఈ మాటలు బయటపెడితే సంఘానికి చెడ్డపేరు వస్తుందని, గిట్టనివాళ్లకు అవకాశం ఇచ్చినట్టవుతుందని మాకు నచ్చజెప్పినవాళ్లు ఉన్నారు. మా ఇరుగుపొరుగుకు ఈ సంగతులన్నీ ఎప్పుడో తెలుసు. బకాయి కట్టేదాకా శవం ఇంటి ముందు ఆగిన రోజు వీధి వీధంతా అక్కడే ఉంది.

ఈ ఏటి కోత పండుగ లోపు ఈ ఏడు కోరికలను మీ కమిటీలో చర్చకు పెట్టి, ఒప్పుకున్నవేవో ఒప్పుకోనివేవో ఆదివారం ఆరాధనలో అందరి ముందూ చెప్పమని ప్రార్థిస్తున్నాం. కుదరదంటే ఏ వాక్యం ప్రకారం కుదరదో చెప్పండి. మేం కానుకలు ఆపేస్తామని బెదిరించడం లేదు, మా కవర్లు ఎప్పటిలాగే వస్తాయి. ఇతర ఊళ్ల స్త్రీల సమాజాలు ఈ లేఖ కింద సంతకాలు చేసి తమ సంఘ పెద్దలకు ఇవ్వదలిస్తే ఇవ్వొచ్చు. మా అనుమతి అక్కర్లేదు.

ప్రభువునందు మీ సహోదరి,
పల్నాడు జిల్లా నుంచి ఒక స్త్రీల సమాజ సభ్యురాలు